పిల్లలకు దయను గుర్తింప నేర్పుట



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పల్లెలలో మనుమలను, మనుమరాండ్రను ఒడిలో నిడుకొని పెంచుచున్న మీవంటి పెద్దలకు నాలుగు మాటలు మనవి చేసికొను అవకాశము నేడు నాకు కలిగినది. నేను ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. పసిబిడ్డలు తమ చుట్టును నిత్యము జరుగుచున్న దయగల పనులను కనుగొనుట యెట్లు, వానిని చూచి సంతోషించుట యెట్లు, అందులకు మనము చేయదగిన సాయమెట్టిది అనునదియే నేటి ప్రసంగవిషయము.

“దయ కలిగి యుండుము” అని బిడ్డలకు చెప్పని పెద్దలుండరు. “అదిగో, అది దయ” అని వ్రేలు పెట్టి చూపువారు మాత్రము అరుదు. చెప్పుట వేరు, చూపుట వేరు. ఈ భేదము నాకు చాల ఆలస్యముగా తెలిసినది. అది తెలిసిన విధమును మొదట విన్నవించెదను.

పాలకుర్తికి కొంత దూరముననున్న ఒక పల్లెలో నేను పనిచేయుచుంటిని. ఉపాధ్యాయులు తక్కువగుటచే చిన్నతరగతులకును నేనే పాఠము చెప్పవలసివచ్చెడిది. బమ్మెర గ్రామము మాకు దగ్గర. పోతనామాత్యుని పేరు అచ్చటి గాలిలోనే యున్నది. ఒకనాడు భాగవతము నవమస్కంధములోని రంతిదేవుని కథను పిల్లలకు చెప్పితిని. నలువదియెనిమిది దినములు అన్నోదకములు లేక కృశించిన ఆ రాజునకు తుదకు కొంత అన్నము, కొంత నీరు లభించినవి. తినబోవు వేళకు ఒక విప్రుడు వచ్చెను, పిదప ఒక శూద్రుడు వచ్చెను, ఆ పిదప కుక్కలను వెంటబెట్టుకొని ఇంకొకడు వచ్చెను. అందరకును అన్నము పంచి యిచ్చి, మిగిలిన గ్రుక్కెడు నీటిని త్రాగబోవునంతలో దప్పిగొన్న చండాలుడొకడు వచ్చెను. రాజు ఆ నీటిని వానికి పోసెను. కథ చెప్పుచు నేనే కన్నులు తుడుచుకొంటిని.

అప్పుడు మూడవతరగతి బాలుడొకడు లేచి, “సారూ, గసొంటోళ్లు ఇప్పుడున్నరా?” అని యడిగెను. నేను నవ్వి, “అవి పూర్వయుగముల మాటలు నాయనా, ఈ కాలమున అట్టివారెక్కడ?” అంటిని. బాలుడు కూర్చుండెను. పాఠము ముగిసినది.

ఆ కాలమునకు మన బడులలో మధ్యాహ్నభోజనము వచ్చి కొన్నియేండ్లయినది. మన రాష్ట్రమున అది 2003 జనవరిలో మొదలైనది. మా బడిలో వండునది ఒక వృద్ధురాలు. పిల్లలందరు తినిన తరువాత గిన్నెయడుగున మిగిలినది ఆమె తినెడిది. ఒకనాడు నేను చేయి కడుగుకొన పోవుచు చూచితిని. గిన్నె ఖాళీగా నున్నది. ఆమె చెంబెడు నీళ్లు త్రాగి కొంగుతో మూతి తుడుచుకొనుచున్నది. “ఏమవ్వా, తినలేదా?” అంటిని. ఆమె మెల్లగా, “ఆ పోరనికి రాత్రి ఇంట్ల పొయ్యి అంటుకోలే సారూ. ఆడు తిన్నడు గద, నాకు గది సాలు” అన్నది. ఆ బాలుని తలిదండ్రులు కూలికై దూరదేశము పోయిరి. వానిని చూచు ముసలితాతకు చేతగాదు. విచారింపగా తెలిసినదేమన, ఆ యవ్వ అట్లు తన పాలు వాని కంచములో పెట్టుట ఆ దినము మొదలైనది కాదు. చాల నెలలుగా జరుగుచున్నది.

రంతిదేవుడు ఈ కాలమున ఉన్నాడా అని నన్నడిగిన బాలుడు ఆ పిల్లవాని ప్రక్కనే కూర్చుండి దినదినము తినువాడు. నా కుర్చీ ఆ వంటపాకకు పది యడుగుల దూరము. వానికి కనబడలేదు, నాకును కనబడలేదు. లేడని తీర్పు చెప్పినవాడను మాత్రము నేను. అంతకంటె సిగ్గుచేటైన మాట యొకటి యున్నది. అన్ని నెలలు ఆమె వండినది తినిన నాకు ఆమె పేరు తెలియదు. అడుగగా నవ్వి, “నా పేరుతోని మీకేం పని సారూ” అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు తరగతిలో ఆమెను పొగడవలెనని తోచినది. కాని అట్లు చేసిన ఆ యాకలిపిల్లవాడు నలుగురిలో తల వంచుకొనవలసివచ్చును. ఒకరి దయను చాటుటకై మరియొకరి మానమును తీయరాదు గదా! అందుచే పేర్లెత్తక పిల్లలను ఒక ప్రశ్న మాత్రము అడిగితిని: “నిన్న మీకు ఎవరైనను, చేయనక్కరలేకున్నను, ఏదైన మేలు చేసిరా?” మొదటి దినము ఒక్కరును పలుకలేదు. రెండవ దినము ఒక బాలిక, తన చెప్పుతెగగా పెద్దతరగతి పిల్ల పిన్నీసు పెట్టి బాగుచేసినదని చెప్పినది. మూడవ దినము ఒకడు, బస్సు కండక్టరు తన సంచిని ఒడిలో పెట్టుకొనెననెను. వారము తిరుగునప్పటికి చేతులు తమంతట లేచినవి. ఒక శనివారము చిన్నపిల్ల యొకతె, “అవ్వ నాకు కూరల మిరపకాయ ఏరి తీస్తది” అన్నది. ఆ పోరడు ఏమియు చెప్పలేదు. కాని ఆ మధ్యాహ్నము నుండి గిన్నెలు తోముటకు బోరింగు నుండి నీళ్లు మోసి ఆమెకు పోయసాగెను. నేను వానికి చెప్పలేదు, ఎవరును చెప్పలేదు.

పెద్దలారా, నేను నేర్చిన పాఠమిదియే. పిల్లలలో దయ లేక కాదు, వారి చుట్టును దయ లేక కాదు. ఉన్నదానిని చూచు చూపు వారికి అలవడలేదు, అలవరుపవలసిన మనకే అది లేదు. దయ నోరు లేనిది. కోపము కేకలు వేయును, కలహము వీధి కెక్కును. దయ మాత్రము చప్పుడు చేయక తన పని తాను చేసికొనిపోవును. చూపువారు లేకున్న పసివాడు చూడజాలడు. చూడనివాడు లోకమున అది లేదనుకొనును. లేదనుకొన్నవాడు తానేల చేయును?

ఇక బిడ్డలలో ఈ గుణము పుట్టుకతోనే కొంత యుండునా అని మీరడుగవచ్చును. జర్మనీదేశమున లైప్‌జిగ్ నగరములో వార్నెకెన్, టొమసెల్లో అను పండితులిద్దరు దీనిని పరీక్షించి 2006 లో ప్రకటించిరి. పదునెనిమిది నెలల శిశువుల యెదుట ఒక పెద్దమనిషి బట్టలారవేయుచు, పట్టుకొయ్యను జారవిడిచి, అందుకొనలేక చేయి చాపును. ఇంకొకప్పుడు రెండుచేతుల నిండ బరువుతో వచ్చి బీరువా తలుపు తెరువలేక నిలుచును. సాయము చేయుమని అడుగడు, చేసిన పిదప మెచ్చుకొనడు. అయినను ఇరువదినలుగురు శిశువులలో ఇరువదియిద్దరు ఒక్కమారైనను లేచి వచ్చి సాయపడిరి. మన యిండ్లలో తాత చేతికర్ర క్రిందపడగా తప్పటడుగులు వేయుచు తెచ్చి యిచ్చు బిడ్డను మనము చూడలేదా? విత్తు ఉన్నది. కావలసినది నీరు.

ఆ పండితులే 2008 లో మరియొక సంగతిని వెల్లడించిరి. ఇరువది నెలల శిశువులలో కొందరికి సాయము చేసినప్పుడెల్ల ఆటవస్తువు బహుమానముగా నిచ్చిరి. కొందరిని నోట మెచ్చుకొనిరి. కొందరికి ఏమియు ఇయ్యలేదు, ఏమియు అనలేదు. పిమ్మట చూడగా, బహుమానము మరిగిన శిశువులు తక్కినవారికంటె తక్కువగా సాయపడిరి. కావున మనుమడు మంచినీళ్లు తెచ్చి యిచ్చినంతనే చేతిలో రూపాయి పెట్టు తాతలు కొంచెమాలోచింపవలెను. ఆ రూపాయితో మనము దయను కూలిగా మార్చుచున్నాము. రేపు రూపాయి లేనినాడు నీళ్లును రావు.

కూలి యను మాట వచ్చినది కావున దయకును పనికిని గల భేదమును కూడ బిడ్డలకు తెలుపవలెను. రాత్రి బిడ్డ దీపము క్రింద కూర్చుండి చదువుకొనును. ఆ వెలుగెక్కడిది? భూపాలపల్లి కాకతీయ గనులలో భూమిలోపలికి దిగి బొగ్గు తీయు కార్మికులున్నారు. చెల్పూరులో ఆ బొగ్గును మండించి విద్యుత్తు తీయు కేంద్రమున్నది. అందు ఒక యంత్రము 500 మెగావాట్లది, ఇంకొకటి 600 మెగావాట్లది. అక్కడ పనిచేయువారు జీతమునకే పనిచేయుచున్నారు. అది దయ కాదు, శ్రమ. శ్రమకు మనము గౌరవమును, కృతజ్ఞతను చెల్లింపవలెను. దయయనగా పనికి మించినది. కండక్టరు టికెట్టు ఇచ్చుట పని, మూటతో పరుగెత్తి వచ్చు ముసలమ్మ కొరకు బస్సు నాపి ఆ మూటనందుకొనుట దయ. నాట్లు వేయుట పని, సద్ది తెచ్చుకొనని తోటికూలికి తన సద్దిలో సగము పెట్టుట దయ. ఈ రెంటిని వేరుచేసి చూపిన ఐదారేండ్ల బిడ్డ తేలికగా గ్రహించును.

ఇప్పుడు మనము ఇంటిలో చేయదగిన పనులను చెప్పెదను.

మొదటిది, జరిగిన పనిని జరిగినట్లు పేర్కొనుట. “ఆయన మంచోడు” అన్న మాట బిడ్డకు గాలిమాట. ఎవరు, ఏమి చేసిరి, దానివలన ఎవరికి ఏమి హాయి కలిగినది అను మూడును చెప్పవలెను. అంగడికి పోవు త్రోవలో ఒక అమ్మమ్మ మనుమరాలితో, “సూసినవా బిడ్డా, ఆ కూరగాయలామె గొడుగు తానుంచుకోలే, ఎండల కూసున్న గుడ్డితాత మీదికి జరిపింది. ఇప్పుడు తాతకు నీడయింది” అనినచో చాలును. మూడునాలుగేండ్ల పసివారికి ఆ క్షణముననే చూపవలెను. 

రెండవది, ఐదేండ్లు దాటిన బిడ్డలను రాత్రి అన్నము తిను వేళనో, అరుగుమీద కూర్చున్న వేళనో ఒక్క ప్రశ్న యడుగుట: “ఇయ్యాల నీకు ఎవరు మేలు చేసిండ్రు?” అని. ఇది పరీక్ష కారాదు. చెప్పకున్న గద్దింపరాదు. మొదట మీరు చెప్పుడు. “ఇయ్యాల బ్యాంకుల ఒక పోరి నాకు ఫారం నింపిచ్చింది” అని తాత చెప్పగా బిడ్డ తానును వెదకుకొనును. “నీవెవరికి మేలు చేసితివి?” అని ముందుగా అడుగకుడు. అది గొప్పలు చెప్పుకొనుటకు దారితీయును. పొందినదానిని చూచిన బిడ్డ ఇచ్చుట తనంతట నేర్చును.

మూడవది, బిడ్డ దయను మనము స్వీకరించుట. మూడేండ్ల పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చుచు సగము నేలపాలు చేయును. “ఎందుకు తెచ్చినవే, ఇల్లంత పాడుచేసినవు” అని కసరిన, ఆ చేయి మరల చాచుటకు జంకును. ఆ మిగిలిన గ్రుక్కెడు త్రాగి, “గొంతు తడిసింది బిడ్డా” యనుడు. బహుమానము వలదు. తన పనివలన ఒకరి దప్పి తీరినదని తెలియుటయే దానికి బహుమానము.

నాలుగవది మనకు కష్టమైనది. అది మన నాలుకకు సంబంధించినది. ఎవరి మేలు మేలుగా లెక్కకు వచ్చునో, ఎవరిది రాదో బిడ్డ మన పిలుపును బట్టి నేర్చుకొనును. పట్నము నుండి వచ్చిన యుద్యోగి కుర్చీ జరిపిన “ఎంత మర్యాద!” అందుము. బట్టలుతుకునామె తడిసిన నోటును ఆరబెట్టి తెచ్చి యిచ్చిన మారుమాట లేక తీసికొందుము. వయస్సున పెద్దయైన పాలేరును “ఏందిరా” యందుము. మనుమడు వినుచునే యుండును. క్రిందివారు చేసినది దయ కాదు, అది వారి విధి యని వాని మనస్సున నాటుకొనును. ఆ నాటు చాల లోతు. ఇది మన నేలకు తగిన నడత కాదు. పాల్కురికి సోమనాథుడు ఇక్కడివాడు. ఆయన బసవపురాణమున మడివాలు మాచయ్య యను చాకలి మహాభక్తుడై వెలుగొందినాడు. వందలయేండ్ల నాడు మన కవి కావ్యమున నిలిపినవానిని నేడు మన వాకిట నిలిపి పేరడుగకుండుట తగునా? నేను ఇతరులకు నీతి చెప్పుచుంటినని యెంచకుడు. అవ్వ పేరెరుగని పంతులను నేనే గదా! ఆనాటి నుండి ఆమెను పేరు పెట్టి, “అమ్మా” యని చేర్చి పిలిచితిని. కొన్నాళ్లకు పిల్లలును అట్లే పిలిచిరి. అంతకుముందు వారు “ఏ ముసల్దానా” యని పిలుచుట నేనెరుగుదును, వారించియుండలేదు.

ఐదవది, ఆపదల కాలమున బిడ్డలకు ఏమి చూపవలెనను విషయము. 2023 జులై 27 న భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినది. జనులు మిద్దెలపైకి, చెట్లపైకి ఎక్కి ప్రాణములు దక్కించుకొనిరి. కొందరు కొట్టుకొనిపోయిరి. పడవలతోడను, హెలికాప్టర్లతోడను వారిని కాపాడవలసివచ్చినది. మరుసటి యేడు, 2024 సెప్టెంబరు మొదట, మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె నడుమ వరద రైలుపట్టాల క్రింది కంకరను ఊడ్చుకొనిపోయినది. రైళ్లు నడిత్రోవలో నిలిచినవి. పట్టాలను మరల నిలుపుటకు కార్మికులు రేయింబవళ్లు శ్రమించిరి. ఇప్పుడు ఇంటింట సెల్‌ఫోనున్నది. ఆ వరదచిత్రములను పసివారు చూచి రాత్రి ఉలికిపడి లేతురు. “భయపడకు” అన్న మాట వారికి ధైర్యమీయదు. జరిగిన కష్టమును దాచక, చిన్నమాటలలో చెప్పి, ఆదుకొన్న చేతులను చూపుడు. “నీళ్లు వచ్చినయి, మనుషులు ఆగమయిండ్రు. అగో, తాడు వేసినోళ్లు, పడవ తెచ్చినోళ్లు, ఎవరికో అన్నం కట్టి పంపినోళ్లు” అని చెప్పగా, లోకమున ఆపద యుండును, ఆపదలో ఆదుకొను మనుష్యులును ఉందురు అను రెండు సత్యములను బిడ్డ కలిపి నేర్చును.

“అన్నిటిలోను మంచినే చూపిన బిడ్డ అమాయకుడగును, చెడ్డవారి చేతిలో మోసపోవును” అని కొందరందురు. ఈ శంకను నేను తేలికగా త్రోసివేయను. కాని షరాబు దొంగనాణెమును పట్టుకొనుటకు మొదట మంచినాణెములను చేతితో వేలమార్లు తడిమి యుండవలెను గదా! నిజమైన దయ నెరిగిన బిడ్డయే కపటమును త్వరగా పసిగట్టును. ఒక గుర్తు మాత్రము పసితనముననే చెప్పియుంచుడు. నిజమైన దయ అమ్మకు చెప్పవద్దని కోరదు. మిఠాయి యిచ్చి, “ఎవ్వరికి చెప్పకు” అనువాడు తెలిసినవాడైనను, చుట్టమైనను, వెంటనే ఇంటిలో చెప్పవలెను. చెప్పిన బిడ్డను తిట్టక వినుట మన ధర్మము. అట్లే, ఒకరు కొట్టి బాధపెట్టిన బిడ్డను, “పోనీలే, వాడు మంచివాడే” యని బలవంతముగ ఒప్పింపరాదు. బాధను బాధ యని యొప్పుకొనిన చోటనే దయకు విలువ.

పెద్దలారా! బిడ్డకు పొలము మిగిల్చిన మిగిల్పవచ్చును, లేకున్న లేదు. తన చుట్టునున్న మనుష్యులు తన్ను చూచుచున్నారు, అవసరమున ఆదుకొందురు అను నమ్మకమును మిగిల్చుట ఎంత బీదవానికైనను సాధ్యము. అట్టి బిడ్డ ఎంత దూరదేశము పోయినను ఒంటరి కాడు. ఆ నమ్మకము లేని బిడ్డ నిండు సంసారమున నుండియు ఒంటరియే.

నాకు ఆ బాలుడడిగిన ప్రశ్న ఇప్పటికిని చెవిలో మ్రోగుచునే యున్నది. ఆనాడు నేను చెప్పిన జవాబు తప్పు. వాడిప్పుడు పెద్దవాడై యుండును, ఎక్కడ నున్నాడో యెరుగను. వానికి చెప్పలేకపోయిన జవాబును మీ మనుమలకు మీరు చెప్పుడు. ఈ రాత్రియే, కంచముల యెదుట కూర్చున్నప్పుడు, ఈ దినము మీకు మేలుచేసిన ఒక్కరిని పేరుతో చెప్పుడు. పేరు తెలియనిచో, రేపు పోయి అడిగి తెలిసికొని వచ్చి చెప్పుడు.